ముక్కిన వాసనకు సెంటు మందు కాదు

అమలాపురం నుంచి కాకినాడకో, రాజమండ్రికో కిరాయి కారు కట్టించుకుని వెళ్ళినవారిలో ఈ అనుభవం లేనివారు తక్కువ. తలుపులు వేసి, అద్దాలు బిగించి డ్రైవరు ఏసీ మీట నొక్కగానే చల్లగాలి కన్నా ముందు వాసన వస్తుంది. తడిసి ఆరని గోనెసంచి వాసన. రెండు రోజులు మూలన పడేసిన తడి తువ్వాలు వాసన. ముసలివారు కొంగు అడ్డం పెట్టుకుంటారు. పసిపిల్లలు తుమ్ముతారు. కారు ప్రయాణం పడనివారికి ముమ్మిడివరం దాటకముందే కడుపులో తిప్పుతుంది. కాసేపటికి ముక్కు అలవాటు పడిపోయి, వాసన పోయిందని అనుకుంటాం. నిజానికి అది ఎక్కడికీ పోదు. దిగి, టీ తాగి, మళ్ళీ ఎక్కినప్పుడు తిరిగి పలకరిస్తుంది.

ఇది డబ్బున్నవారి సుకుమారపు ఫిర్యాదు అని కొట్టిపారేయడానికి వీల్లేదు. కోనసీమలో కారు విలాసంగా చూసే రోజులు ఎప్పుడో పోయాయి. అమలాపురానికి నేటికీ రైలు రాలేదు. రైలు ఎక్కాలన్నా, పెద్ద డాక్టరుకు చూపించుకోవాలన్నా, ఆపరేషను చేయించుకున్న మనిషిని ఇంటికి తెచ్చుకోవాలన్నా సామాన్యుడు సైతం అప్పో సప్పో చేసి కారు కట్టించుకోవలసిందే. ఆ కారులో ఎక్కేది ఎక్కువగా ఎవరు? ఆయాసంతో బాధపడే వృద్ధులు, బాలింతలు, నెలల బిడ్డలు, కుట్లు ఆరని రోగులు. ఏ గాలి మంచిదో ఎంచుకునే ఓపిక లేనివారు. అందుకే ఈ వాసన సంగతి నలుగురిలో మాట్లాడుకోవలసి ఉంది.

గడచిన వానాకాలంలో ఈ విలేకరి తన మేనత్తను ఆయాసం ఎక్కువై కాకినాడ తీసుకువెళ్ళవలసి వచ్చింది. కారు బయట తళతళలాడుతోంది. లోపల మాత్రం మక్కిన వాసన. డ్రైవరు మంచివాడే. వాసన తనకూ తెలుసు. సొరుగులోంచి డబ్బా తీసి నాలుగు మూలలా సెంటు కొట్టాడు. 'ఆయ్, కొత్త సెంటండీ, నిన్ననే కొన్నానండీ. అయినా పావుగంటకి మళ్ళీ వచ్చేత్తందండీ' అన్నాడు. సెంటు ఘాటుకు మా అత్తకు దగ్గు మొదలైంది. 'ఒరే అబ్బాయ్, ఆ అద్దం దింపరా, నాకు గాలాడట్లేదు' అంది. ఎదుర్లంక వంతెన మీద అద్దాలు దింపితే గోదావరి గాలి తగిలి ఆమె కాస్త తేరుకుంది. చల్లగాలి కోసం అదనంగా డబ్బు ఇచ్చి, చివరికి అద్దాలు దింపుకుని వెళ్ళాం. తప్పు ఒక్క డ్రైవరుది అనలేం. వాసన ఎక్కడి నుంచి వస్తోందో అతనికి చెప్పినవారు లేరు.

చెప్పడం పెద్ద కష్టం కూడా కాదు. అసలు ఏసీ యంత్రం పుట్టిందే చెమ్మను తీయడానికి. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చుకూటంలో గాలిలోని తేమకు కాగితం ఉబ్బి, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా పడక ముద్రణ పాడవుతుంటే, విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు ఆ తేమను అదుపు చేయడానికి ఈ యంత్రాన్ని రూపొందించాడు. తర్వాత అది సినిమాహాళ్ళకు, ఇళ్ళకు, 1939లో ప్యాకార్డ్ కంపెనీ కార్లకు ఎక్కింది. మన కార్లలోనూ పనితీరు అదే. డ్యాష్‌బోర్డు వెనుక పలుచని అల్యూమినియం రేకుల దొంతరలా ఒక కూలింగ్ కాయిల్ ఉంటుంది. ఫ్యాను తోసిన గాలి ఆ చల్లని రేకుల మధ్య నుంచి వస్తుంది. ఐసు నీళ్ళ గ్లాసుకు బయట చెమట పట్టినట్టే ఆ రేకులకు గాలిలోని తేమ నీరై పడుతుంది. ఆ నీరు కింద ఉన్న తొట్టిలోకి జారి, సన్నని గొట్టం ద్వారా రోడ్డు మీద పడుతుంది. ఆగి ఉన్న కారు కింద చుక్కలు చుక్కలుగా కారేది ఈ నీరే.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు వచ్చేది కారు ఆపిన తర్వాత. ఊరు చేరేవరకు ఏసీ వేసి, ఠక్కున ఇంజను ఆపి, తాళం వేసి వెళ్ళిపోతాం. కాయిల్ తడిగానే ఉండిపోతుంది. గాలి తగలదు, వెలుతురు సోకదు. రేకుల మధ్య రోడ్డు దుమ్ము, పూల పుప్పొడి, ఎండుటాకు ముక్కలు చేరి ఉంటాయి. తడి, చీకటి, తిండి ఒకచోట దొరికితే బూజుకూ, సూక్ష్మక్రిములకూ అంతకన్నా కావలసింది లేదు. రాత్రికి రాత్రి పెరుగుతాయి. మర్నాడు మీట నొక్కగానే ఆ బూజు గాలి మన మొహాన కొడుతుంది. మూడు వైపులా గోదావరి పాయలూ, ఒక వైపు సముద్రమూ ఉన్న మన నేల మీద, జూన్ నుంచి నవంబరు దాకా వానలూ తుపాన్లూ పట్టే మన గాలిలో, ఈ బెడద మెట్టప్రాంతాల కన్నా ఎక్కువగా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

ఈ సూత్రం మన రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు. ధాన్యంలో తేమ 17 శాతం మించితే కొనుగోలు కేంద్రంలో పేచీ వస్తుంది. తడి ధాన్యం మూట కట్టి అటక మీద పెడితే ఏమవుతుందో చిన్నపిల్లవాడైనా చెబుతాడు. సరిగా ఎండని కొబ్బరికి బూజు పడుతుందని, నూనె చెడుతుందని కొబ్బరి రైతుకు తెలుసు. బూజు పట్టిన కొబ్బరికి ఎవరైనా అత్తరు పూస్తారా? ఎండబెడతారు. ఇంట్లో ఇంత తెలివిగా ఉండే మనం కారు విషయంలో మాత్రం తడిని వదిలి వాసనతో కుస్తీ పడుతున్నాం.

బూజు వాసన పీల్చిన ప్రతివారికీ జబ్బు వస్తుందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. ఆరోగ్యవంతుడికి అది చీదర కలిగించే వాసన మాత్రమే కావచ్చు. కాని చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళలో నివసించేవారికి ఉబ్బసం, దగ్గు, పిల్లికూతలు, శ్వాసకోశ బాధలు ఎక్కువగా కనిపిస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలలో స్పష్టం చేసింది. అది ఇళ్ళ గురించి చెప్పిన మాట. అయితే కారు ఇంటికన్నా చాలా ఇరుకైన గది. అందులో బూజు గాలి నేరుగా ముఖానికే కొడుతుంది. ప్రయాణికుడు ఒకటి రెండు గంటల్లో దిగిపోతాడు. రోజుకు పది పన్నెండు గంటలు స్టీరింగు ముందు కూర్చునే డ్రైవరు సంగతి ఏమిటి? పొద్దున లేవగానే తుమ్ములు, ముక్కు దిబ్బడ అని చెప్పే డ్రైవరు సోదరులు ఒకసారి తమ బండి ఏసీ వైపు కూడా చూసుకోవడం మంచిది.

వాసనను కప్పిపెట్టడానికి మనవారు చేస్తున్న పనులు కొన్ని చోట్ల వాసనకన్నా ప్రమాదకరంగా ఉన్నాయి. స్ప్రే సెంటు డబ్బాలలో సాధారణంగా ఉండే వాయువు వంటగ్యాసు జాతిదే. తలుపులు బిగించిన కారులో డబ్బా సగం కొట్టి, వెంటనే డ్యాష్‌బోర్డు మీది దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించడం, కర్పూర హారతి ఇవ్వడం, సిగరెట్టు ముట్టించడం ఎంత అపాయమో వేరే చెప్పాలా? ఆ డబ్బాను మండుటెండలో కారులోనే వదిలేయడం మరో పొరపాటు. ఇంకొందరు సీటు కింద కలరా ఉండలు పోస్తున్నారు. వీటిలోని నాఫ్తలీన్ ఆవిరి జి-6-పిడి అనే ఎంజైము లోపం ఉన్న పసిబిడ్డలకు రక్తకణాలు చితికిపోయేలా చేయగలదని వైద్యశాస్త్రం చెబుతోంది. ఆ లోపం ఏ బిడ్డకు ఉందో చూసి చెప్పలేం. కనుక పిల్లలు ఎక్కే బండిలో కలరా ఉండలు ఉండనే కూడదు. కర్పూరం బిళ్ళలూ అంతే. పసివాడు నోట్లో పెట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

దీనికి తోడు కొన్ని షెడ్లలో మరో తంతు నడుస్తోంది. వాసన వస్తోందని బండి తీసుకువెళితే 'గ్యాస్ అయిపోయింది, నింపాలి' అంటారు. ఏసీ గ్యాసు మూసిన గొట్టాలలో తిరుగుతుందే తప్ప డీజిలులా ఖర్చయ్యేది కాదు. ఎక్కడో లీకు ఉంటేనే అది తగ్గుతుంది. తగ్గితే చల్లదనం తగ్గుతుంది. గాలి చక్కగా చల్లగా వస్తూ ముక్కిన వాసన కొడుతున్నదంటే, ఆ వాసనకూ గ్యాసుకూ సంబంధం లేదని గ్రహించాలి. గ్యాసు నింపించుకుని డబ్బు కట్టి వచ్చినవారు వారం తిరక్కుండా అదే వాసనతో మళ్ళీ షెడ్డు మెట్లు ఎక్కడం మనం చూస్తూనే ఉన్నాం. మెకానిక్కులందరూ ఇలా ఉన్నారని అనడం లేదు. ముందు ఫిల్టరు తీసి చూసి, గొట్టం ఊది, ఆ తర్వాతే మాట్లాడే నిజాయితీపరులు మన పట్టణాలలో ఎందరో ఉన్నారు. అటువంటివారిని వెతుక్కోవడం మన పని.

ఇక చేయవలసినదేమిటి? మొదటిది పైసా ఖర్చు లేనిది. ఊరు చేరడానికి ఐదు నిమిషాల ముందు ఏసీ మీట ఆపి, ఫ్యాను మాత్రం పెద్దగా తిప్పుతూ, బయటి గాలి లోపలికి వచ్చేలా మీట మార్చాలి. ఆ గాలికి కాయిల్ ఆరిపోతుంది. చివరిదాకా చల్లగాలి కావాలని ప్రయాణికులు పట్టుబడతారని డ్రైవర్లు అంటారు. అది నిజమే. అయితే కిరాయి బండి ఏదో ఒక దారిన ఖాళీగా తిరిగి వస్తుంది కదా. ప్రయాణికులు దిగాక, అద్దాలు దింపి, ఏసీ ఆపి, ఫ్యాను వేసుకుని కాసేపు నడిపితే పని జరిగిపోతుంది. వాన పడుతుండగా మాత్రం ఇది చేయరాదు. ఏసీ ఆపితే ముందు అద్దానికి ఆవిరి పట్టి దారి కనిపించదు. అటువంటప్పుడు బండి చేరవలసిన చోటికి చేరి, ఆగిన తర్వాత ఆరుబయటే ఇంజను నడుస్తుండగా తలుపులు తీసి, ఏసీ ఆపి ఫ్యాను తిప్పితే చాలు.

రెండోది ఫిల్టరు. చాలా కార్లకు ముందు ఎడమ సీటు ఎదురుగా ఉన్న సొరుగు వెనుక మడతల కాగితంలా ఒక ఫిల్టరు ఉంటుంది. కొన్ని చిన్న బండ్లకు ఇది ఉండదు. ఉన్నవారు దానిని ఏడాదికి ఒకసారైనా, లేదా పది పదిహేను వేల కిలోమీటర్లకు ఒకసారి మార్చాలి. మట్టిరోడ్ల మీద, చేల గట్ల వెంబడి తిరిగే బండ్లకు ఇంకా ముందే మార్చాలి. కొత్త ఫిల్టరు చాలా బండ్లకు కొన్ని వందల రూపాయలతో వస్తుంది. ఏడాదిలో సెంటు డబ్బాలకు పెట్టే ఖర్చు ఒకసారి లెక్క వేసుకుంటే ఇది భారమనిపించదు. నల్లబడి, ఎలుక కొరికి, ఆకులు ఇరుక్కున్న ఫిల్టరుతో సంవత్సరాల తరబడి తిరుగుతున్న బండ్లు ఎన్నో. అసలు అలాంటిది ఒకటి ఉందని తెలియని యజమానులు అంతకన్నా ఎక్కువ.

మూడోది నీళ్ళ గొట్టం. దీనిని పరీక్షించడానికి మెకానిక్కు అక్కరలేదు. ఉక్కపోతగా ఉన్న రోజున ఆరుబయట పదిహేను నిమిషాలు ఏసీ నడిపి కారు కిందకు చూడాలి. నీటి చుక్కలు పడుతుంటే గొట్టం బాగున్నట్టు. ఒక్క చుక్క కూడా పడకపోతే మట్టితోనో, పురుగు గూటితోనో మూసుకుపోయి ఉండవచ్చు. అప్పుడు ఆ నీరు వెనక్కి తన్ని లోపలికే వస్తుంది. ముందు ఎడమ సీటు దగ్గర కాళ్ళ కింద తివాచీ చేత్తో నొక్కితే తడి తెలుస్తుంది. మెకానిక్కుకు ఆ గొట్టం శుభ్రం చేయడం కొద్ది నిమిషాల పని.

ఈ మూడూ చేసినా వాసన పోకపోతే బూజు కాయిల్ మీద గట్టిగా పేరుకుందన్నమాట. కాయిల్ శుభ్రం చేయడానికి నురుగు మందులు దొరుకుతున్నాయి. తెలిసిన మెకానిక్కు చేత, ఇంజను ఆపి, తలుపులు తీసి పట్టించుకోవాలి. నురుగు మురికిని లాగి నీళ్ళ గొట్టం గుండా కిందికి దిగుతుంది. తర్వాత అద్దాలు దింపి, ఫ్యాను వేసి బాగా ఆరనివ్వాలి. చవకగా పోతుందని బ్లీచింగు నీళ్ళు, యాసిడ్, ఫినాయిలు గాలిగొట్టాలలో పోయడం మూర్ఖత్వం. రేకులు తినేస్తాయి, ఆ ఘాటు ఊపిరితిత్తులకు చేటు.

వాసన అంతా ఏసీ నుంచే రావాలని కూడా లేదు. వానకు తడిసిన చెప్పులు, గొడుగులు, చేపల సంచి, ఒలికిన పాలు, అద్దం రబ్బరు సందులోంచి కారిన నీరు తివాచీ కింద చేరితే వారాల తరబడి కుళ్ళుతుంది. వాన వెలిసి ఎండ కాసిన రోజున చాపలు తీసి ఎండబెట్టి, నాలుగు తలుపులూ తీసి పెట్టడం కన్నా మంచి మందు లేదు. తివాచీ మీద వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి దులిపితే మిగిలిన వాసన కొంత లాగుతుంది. 2022 జూలై గోదావరి వరదల్లో లంక గ్రామాలు ఎలా మునిగాయో మనకు తెలుసు. నీట మునిగిన బండి సీట్లు, తివాచీ విప్పి అడుగుదాకా ఆరబెట్టనిదే వాసన పోదు. పాత కారు కొనబోయేవారు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. లోపల సెంటు మరీ గుప్పుమంటుంటే, అది దేనిని దాస్తున్నదో తివాచీ ఎత్తి చూడాలి.

కొన్ని వాసనలు మాత్రం బూజువి కావు. వాటిని ఉపేక్షించరాదు. కుళ్ళు కంపు అయితే ఫ్యాను గూటిలో ఎలుక చచ్చి ఉండవచ్చు. తియ్యని వాసన వస్తూ అద్దానికి లోపల జిడ్డు ఆవిరి పడితే ఇంజనును చల్లబరిచే ద్రవం కారుతుండవచ్చు. వైరు కాలిన వాసన, పెట్రోలు వాసన వస్తే బండి పక్కకు ఆపి దిగవలసిందే. పొగ వాసన లోపలికి వస్తుంటే సైలెన్సరు గొట్టం చూపించాలి. అన్నిటికన్నా ప్రమాదకరమైన కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు అసలు వాసనే లేదు. షెడ్డులోగాని, చెట్టు నీడనగాని ఇంజను నడుపుతూ అద్దాలు బిగించి ఏసీలో నిద్రపోవడం ప్రాణాలతో చెలగాటమాడటమే. పెళ్ళిళ్ళ దగ్గర, ఆసుపత్రుల ముందు రాత్రంతా బండిలో పడుకునే డ్రైవర్లు దయచేసి ఈ అలవాటు మానాలి.

లోపలి గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పే మీట విషయంలోనూ జాగ్రత్త అవసరం. సంక్రాంతికి హైదరాబాదు నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చే కుటుంబాలు ఆ మీట వేసి దారి పొడుగునా అలాగే ఉంచేస్తున్నాయి. అయిదుగురు విడిచిన గాలి అందులోనే తిరిగి బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది, తల దిమ్మెక్కి డ్రైవరుకు మగత వస్తుంది. చెమ్మ కూడా బయటకు పోదు. అప్పుడప్పుడు బయటి గాలి రానివ్వడం ముక్కుకే గాక ప్రాణానికీ మేలు.

ఈ పనులలో ఏదీ అసాధ్యం కాదు, ఖరీదైనదీ కాదు. మరి ఎందుకు జరగడం లేదు? చాలా కిరాయి బండ్లకు యజమాని ఒకరు, నడిపేది మరొకరు. డీజిలుకు లెక్క ఉంది, టైరుకు లెక్క ఉంది, డ్రైవరు బత్తాకు లెక్క ఉంది. ఫిల్టరుకు మాత్రం లెక్క లేదు. డ్రైవరు తన బత్తాలోంచి సెంటు డబ్బా కొనుక్కుంటున్నాడు. ఏసీ పేరిట ప్రయాణికుడి దగ్గర అదనంగా వసూలు చేసే యజమాని, ఆ ఏసీని శుభ్రంగా ఉంచే ఖర్చు కూడా తనదేనని గుర్తించడం న్యాయం. కారు స్టాండ్లలోని యూనియన్లు ఏటా వానలకు ముందు ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి తమ బండ్లన్నిటి ఫిల్టర్లు, గొట్టాలు చూపించే ఏర్పాటు చేసుకుంటే వారికే మంచిపేరు వస్తుంది.

ప్రయాణికులకూ బాధ్యత ఉంది. బేరమాడేటప్పుడు 'ఏసీ ఉందా' అని అడిగే మనం 'ఫిల్టరు ఎప్పుడు మార్చారు' అని కూడా అడగాలి. చివరి ఐదు నిమిషాలు చల్లగాలి లేకపోతే గొడవపడకూడదు. రవాణా శాఖవారు రోడ్డు భద్రత కార్యక్రమాలలో హెల్మెట్టు, సీటు బెల్టులతోపాటు ఈ నాలుగు మాటలూ డ్రైవర్లకు చెబితే ఎంతో ఉపకారం చేసినవారవుతారు. ముఖ్యంగా రోగులను చేరవేసే వాహనాల విషయంలో అధికారులు ప్రత్యేక శ్రద్ధ చూపాలి.

ఈ అవసరం ముందు ముందు పెరిగేదే. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతుల సరుకు లారీల డ్రైవరు క్యాబిన్లకు ఏసీ ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో నిబంధన తెచ్చింది. ఎండకు మాడిపోయే లారీ డ్రైవరుకు ఇది నిజంగా మేలు చేసే నిర్ణయం. కాని తిండి, నిద్ర అన్నీ క్యాబిన్‌లోనే జరుపుకునే ఆ మనిషికి ముక్కిన గాలి ఇచ్చి మేలు చేశామనుకుంటే ప్రయోజనం లేదు. మీటతోపాటు దాని సంరక్షణ కూడా నేర్పాలి.

వాసన అనేది బండి మనకు చెప్పే మాట. లోపల తడి ఉంది, ఆరబెట్టమని అది అడుగుతోంది. సెంటు కొట్టి ఆ మాట వినపడకుండా చేసుకోవడం తేలిక. ఆరబెట్టడానికి కావలసింది ఐదు నిమిషాల ఓపిక. అద్దెకు బండి తిప్పే ప్రతి యజమానీ ఈ రోజే సొరుగు వెనుక చెయ్యి పెట్టి ఆ ఫిల్టరును ఒకసారి బయటకు తీసి చూస్తే, మిగతా సంగతి ఆ ఫిల్టరే చెబుతుంది.